సౌండ్ డిజైన్ తర్వాత, ముందు డైలాగ్ సంగతి చూడండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. వేళచ్చేరిలో ఉంటూ ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. శని, ఆదివారాల్లో ఫ్రెండ్స్ తీసే షార్ట్ ఫిల్ములకు సౌండ్ చేసిపెడుతుంటాను. ఎఫెక్టులు ఎన్ని వేసినా సినిమాలా వినిపించడం లేదు. షాట్ మారినప్పుడల్లా మాట వెనకాల శబ్దం మారిపోతోంది, నాయిస్ రిడక్షన్ పెడితే గొంతు పాడవుతోంది. సౌండ్ డిజైన్ నేర్చుకోవడానికి ఉద్యోగం మానేసి కోర్సులో చేరాలా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ఉద్యోగం ఇప్పుడే మానకండమ్మా. షాట్ మారినప్పుడల్లా వెనకాల శబ్దం మారుతోందన్నారు చూశారా, అసలు సంగతంతా అక్కడే ఉంది. దానికి ఎఫెక్టులతో పని లేదు, అది డైలాగ్ ఎడిటింగ్‌లో సరిచేయాల్సింది. సౌండ్ మీద ఇష్టంతో వచ్చేవాళ్ళు చాలామంది వాన, ఉరుము, కారు బ్రేకుల దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే మొదటి ఏడాదంతా మాటల మీదే కూర్చోమంటాను. మాట తేటగా, తెగకుండా వినిపిస్తే ప్రేక్షకుడు కథలో ఉంటాడు, అప్పుడే మీరు వేసిన వాన అతనికి వానలా వినిపిస్తుంది.

ఇద్దరు ఒక గదిలో మాట్లాడుకునే సీనే తీసుకోండి. అతని వైపు షాట్‌లో మైకు కిటికీకి ఎదురుగా ఉంది, ఆర్కాట్ రోడ్డు ట్రాఫిక్ అంతా అందులో పడింది. ఆమె వైపు షాట్ తీసేటప్పటికి మధ్యాహ్నమైంది, ట్రాఫిక్ తగ్గింది కానీ పక్క గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. ఎడిటర్ బొమ్మను ఎక్కడ కత్తిరిస్తే అక్కడ ఈ రెండు శబ్దాలూ ఠక్కున మారతాయి. సన్నటి హోరు ఒకటే ఉంటే చెవి కాసేపటికి దాన్ని మరిచిపోతుంది, మారినప్పుడే పట్టుకుంటుంది. అందుకని అతని మాటలు ఒక ట్రాక్‌లో, ఆమె మాటలు ఇంకో ట్రాక్‌లో పెట్టి, ఒక్కో ముక్కనూ రెండు వైపులా కొంచెం సాగదీసి, ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరిగేలా ఫేడ్ చేయాలి. సాగదీయడానికి సరుకు ఎక్కడిదంటారా? డైరెక్టర్ యాక్షన్ అన్నాక నటుడు నోరు తెరిచే లోపు ఉండే ఖాళీ, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి తీసుకోని చోటు, అన్నిటికంటే ముఖ్యంగా రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో వినిపించే శబ్దం. షాట్ అయిపోయాక అవే లైట్లు, అదే మైకు, అంతే మంది గదిలో ఉండగా ఒక ముప్పై సెకన్లు ఎవరూ కదలకుండా రికార్డు చేయమని పట్టుబట్టి అడగండి. అందరూ భోజనానికి లేచే తొందరలో ఉంటారు, అయినా అడగండి. ఇదంతా అయ్యాక ఇంకా హోరు మిగిలితే అప్పుడు నాయిస్ రిడక్షన్, అదీ కొంచెం కొంచెంగా. మీరు దాన్ని ముందే ఎక్కువగా పెడుతున్నారు, అందుకే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు ఉంటోంది.

తర్వాతది మాట లోపల కోత. ‘అప్పుడే చెప్పాను’ అన్న డైలాగ్‌లో చివర ఆటో హారన్ పడిందనుకోండి. ఇంకో టేక్‌లో అదే ముక్క శుభ్రంగా ఉంటే తెచ్చి అతికించొచ్చు, అయితే ఎక్కడ కోయాలన్నదే పనితనం. ‘చెప్పాను’లో ‘ప్ప’ దగ్గర పెదాలు మూసుకుని గాలి ఆగిపోతుంది, వేవ్‌ఫామ్‌లో (తెర మీద శబ్దం గీతలా కనిపించే బొమ్మ) సన్నటి ఖాళీ కంటికి కనిపిస్తుంది. కోత అక్కడ పెడితే ఎవరికీ తెలియదు. క్క, చ్చ, ట్ట, త్త, ప్ప ఇవన్నీ ఇలాంటి చోట్లే. మన భాషలో ఒత్తులకు కొదవ లేదు కాబట్టి తెలుగు డైలాగ్ కోసేవాళ్ళకు ఇది నిజంగా వరం. ల, మ, య దగ్గర గొంతు ఆగకుండా పారుతూనే ఉంటుంది, అక్కడ కోస్తే దొరికిపోతారు. ఇంకో మాట, సెకనుకు 24 ఫ్రేములు, 48,000 శాంపిళ్ళు (కంప్యూటర్ శబ్దాన్ని కొలిచే చిన్న చిన్న ముక్కలు) అనుకుంటే ఒక్క ఫ్రేములో 2,000 శాంపిళ్ళుంటాయి, కాబట్టి బొమ్మ ఫ్రేముల లెక్కన కదిలినా మీరు మాటను అంతకంటే చాలా సన్నగా జరపొచ్చు.

బూమ్ (కర్రకు కట్టి నటుడికి కొంచెం దూరంలో పట్టుకునే మైకు), కాలర్ మైక్ రెండూ ఉంటే రెండూ కలిపి వేయకండి. శబ్దం మీటరు దూరం రావడానికి దాదాపు మూడు మిల్లీ సెకన్లు పడుతుంది, ఆ తేడాతో రెండూ కలిస్తే గొంతు డొల్లగా వినిపిస్తుంది. ఒకటి ఎంచుకోండి, లేదా రెండిట్లో మాట ఒకేసారి పడేలా ఒకదాన్ని జరిపి కలపండి.

చెన్నైలో ఉన్నారు కాబట్టి ఇంకొకటి తెలుసుకోవాలి. తమిళ సినిమాను తెలుగులోకి డబ్ చేసేటప్పుడు తమిళ మాటలు తీసేస్తారు, వాటితోపాటు అదే మైకులో పడ్డ గాజుల చప్పుడు, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు కూడా పోతాయి. మాటకు తగలకుండా ఉన్న అలాంటి శబ్దాలను డైలాగ్ ఎడిటర్ ముందే వేరే ట్రాక్‌లోకి తీసి దాస్తాడు, లేనివాటిని ఫోలీవాళ్ళు, అంటే బొమ్మ చూస్తూ చప్పుళ్ళు చేసి రికార్డు చేసేవాళ్ళు, మళ్ళీ చేస్తారు. ఈ అలవాటు ఉన్న కుర్రాళ్ళను సాలిగ్రామం, వడపళని వైపు స్టూడియోల్లో ఎవరూ వదులుకోరు.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించకండి. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే సౌండ్ పని చేసుకునే ఫెయిర్‌లైట్ ఉంది, రీపర్ 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు. స్టూడియోకి వెళ్ళాలంటే మాత్రం ప్రో టూల్స్ రావాలి. కోర్సు చేయాలనే ఉంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లలో మూడేళ్ళ సౌండ్ కోర్సులున్నాయి, ఇక్కడ తరమణిలో ఎంజీఆర్ ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆడియోగ్రఫీ (సౌండ్) కోర్సు ఉంది. వాటికి తయారవడం మంచిదే. మూడు నెలల సర్టిఫికెట్‌కి లక్షలడిగే చోట మాత్రం చేరొద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ డబ్బు ఉంచుకుని, తీసిన సీన్ తాలూకు టేకులన్నీ ఎడిటర్ స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోండి. వాటితో ఆ సీన్ డైలాగ్ మీరే ఎడిట్ చేయండి, కళ్ళు మూసుకుని వింటే ఎక్కడా కోత తెలియకూడదు. అలా రెండు నిమిషాల సీన్ ఒకటి వచ్చాక, మీరు సరిచేయకముందుదీ, చేశాకదీ రెండూ పట్టుకుని స్టూడియోకి వెళ్ళి అసిస్టెంట్‌గా అడగండి.

ప్రశ్న: ఇంట్లో హెడ్‌ఫోన్స్‌తో చేస్తే చాలా, స్పీకర్లు కొనాలా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: టిక్కుమనే శబ్దాలు, కోతలు, పెదాల చప్పుళ్ళు పట్టుకోవడానికి మంచి హెడ్‌ఫోన్స్ చాలు తమ్ముడూ. ఏది ఎంత పెద్దగా ఉండాలన్నది మాత్రం వాటితో తేల్చకు. స్పీకర్లు కొన్నాక వాల్యూమ్ ఒకచోట పెట్టి టేపు అంటించేయి, రోజూ అంతే సౌండ్‌లో విను. థియేటర్ మిక్సింగ్‌కి 85 డెసిబెల్స్ ప్రమాణం, చిన్న గదిలో అంత వద్దు, చెవులు అలసిపోతాయి. గోడలకు మందపాటి పరదాలు, బట్టలు నిండిన బీరువా ఉన్న గది చూసుకో, స్పీకర్ల కంటే ముందు అది కావాలి.