చిట్టిని ఎక్కడికీ పంపకు, మాధవీ

చి.ల.సౌ. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నెల తప్పిందని తెలిసిన దగ్గర్నుంచీ మీ పిల్లి చిట్టిని ఎవరికైనా ఇచ్చేయమని మీ అత్తగారు అంటున్నారట. ఆవిడది నీ మీదా బిడ్డ మీదా బెంగే, విసుక్కోకు. కానీ చిట్టిని పంపాల్సిన అవసరం లేదు. కొన్ని పనులు మాత్రం పట్టుగా, రోజూ జరగాలి.

పిల్లి వెంట్రుక కడుపులోకి పోతుందన్న మాట పట్టించుకోకు. డాక్టర్లు జాగ్రత్త చెప్పేది టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి. గర్భం సమయంలో మొదటిసారి సోకితే అది బిడ్డ కళ్లకూ మెదడుకూ హాని చేయవచ్చు. పిల్లికి ఇది మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటు మలంలో బయటికొస్తుంది, ఆ తర్వాత మామూలుగా ఆగిపోతుంది. బయటికొచ్చిన వెంటనే మనిషికి అంటదు కూడా. మనిషికి అంటుకునే స్థితికి రావడానికి దానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. కాబట్టి లిట్టర్ ట్రేని, అంటే చిట్టి దొడ్డికెళ్లే ఇసుక పళ్లాన్ని, ఏ రోజుది ఆ రోజే ఎత్తేస్తే ప్రమాదం చాలావరకు అక్కడే తెగిపోతుంది. రెండు మూడు రోజులు వదిలేసిన ట్రేతోనే చిక్కు.

ఆ పని అల్లుడిది. రోజూ గరిటెతో తీసి, రెండు కవర్లలో మూటకట్టి చెత్తబండికి ఇవ్వాలి, పూలకుండీల్లో కలపకూడదు. వారానికోసారి ట్రే ఖాళీ చేసి, సలసల కాగే నీళ్లు నిండా పోసి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. ఈ క్రిమి బ్లీచింగ్ పౌడర్‌కు చావదు, మరిగే నీళ్లకే చస్తుంది. ఫినాయిల్, డెట్టాల్ లాంటివి ట్రేలో గానీ చిట్టి తిరిగే నేల మీద గానీ వాడొద్దు. పాదాలకంటింది నాకితే పిల్లులకు అవి విషం. అల్లుడు ఊళ్లో లేనిరోజు నువ్వే చేయాల్సి వస్తే గ్లవ్స్, మాస్కు వేసుకుని చేసి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కో. పనమ్మాయికి అప్పజెప్పేటట్లయితే ఆమె కూడా కడుపుతో లేదు కదా అని ముందు అడుగు. ఇది చాలా ఇళ్లలో ఎవరికీ తట్టదు.

చిట్టికి కోడికాళ్లు, పచ్చి లివర్ పెట్టడం ఆపేసి ఉడికించినవి పెట్టండి. ఎలుకలనూ పావురాలనూ పట్టకుండా సెల్లార్‌లోకి, మేడమీదికి వదలకండి. పురుడయ్యేదాకా కొత్త పిల్లికూనను ఇంటికి తేవద్దు, ఈ క్రిమి ఎక్కువగా వదిలేది కూనలే.

అసలు ఎక్కువ చూసుకోవాల్సింది వంటింట్లో. చాలామందికి ఈ క్రిమి సగం ఉడికిన మాంసం, కడగని కూరల వల్లే వస్తుంది. మన హైదరాబాద్ తిండిలో కచ్చి గోష్త్ బిర్యానీ గురించి అందరూ అడుగుతారు. పచ్చి మటన్‌తో మొదలైనా, దమ్ సరిగ్గా పడి ముక్క ఎముక నుంచి ఊడొస్తుంటే ఆ వేడికి క్రిమి ఉండదు. జాగ్రత్తపడాల్సింది దాని పక్కన పెట్టే పచ్చి ఉల్లి, కీరా ముక్కలతోనూ, పుదీనా చట్నీతోనూ. ఇంట్లో అయితే కొత్తిమీర, పుదీనా వేళ్లు కోసేసి, ఆకు విడదీసి, పారే నీళ్లలో మట్టి పోయేదాకా మూడు నాలుగుసార్లు కడుగు. ఉప్పునీళ్లకూ వెనిగర్‌కూ ఈ క్రిమి చావదు, నీటి ధారకు కొట్టుకుపోవాల్సిందే. బయట పానీపూరీ, చాట్ ఈ కొన్ని నెలలూ మానుకో. సీక్ కబాబ్, శికంపురి లోపల గులాబీరంగు కనిపిస్తే తినకు. కీమాకు కనీసం 71 డిగ్రీల వేడి లోపలిదాకా తగలాలి, కుక్కర్‌లో పెడితే ఆ బెంగే లేదు. ఉప్పు సరిపోయిందా అని పచ్చి కీమా నాలుక మీద వేసుకోవద్దు. మాంసం కోసిన పీటా కత్తీ సబ్బుతో కడగకుండా కూరలు తరగవద్దు. కుండీల్లో మట్టిపని ఉంటే గ్లవ్స్ వేసుకో.

డాక్టర్ టార్చ్ టెస్ట్ (ఈ క్రిమి లాంటివి సోకాయేమో చూసే రక్తపరీక్ష) రాస్తే రిపోర్టు చూసి ఇంటర్నెట్‌లో వెతికి ఏడవకు. అందులో ఐజీజీ, ఐజీఎం అనేవి క్రిమి సోకితే రక్తంలో తయారయ్యే యాంటీబాడీలు. ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగెటివ్ అంటే సాధారణంగా ఎప్పుడో పాతది. రెండూ నెగెటివ్ అంటే ఇప్పటిదాకా సోకలేదు, పైవన్నీ నీకు మరీ ముఖ్యం. ఐజీఎం పాజిటివ్ వచ్చినా కొత్తగానే సోకిందని కచ్చితంగా చెప్పలేం, అది నెలల తరబడి అలా ఉండిపోతుంది. ఎప్పుడు సోకిందో తేల్చడానికి సాయపడే అవిడిటీ టెస్ట్ చేయించమని డాక్టర్‌ని అడుగు.

రేబిస్ సంగతి వేరు, అందులో ఆలస్యం కుదరదు. చిట్టికి ఏటా టీకా తప్పకూడదు. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. వీధిపిల్లి గీరినా కొరికినా ఆ చోటును సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడుగు. పసుపు, కారం, కాఫీపొడి ఏదీ పెట్టకు. వెంటనే నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కో, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కో వెళ్లు. గర్భిణికి రేబిస్ టీకా ఇవ్వవచ్చు, కడుపుతో ఉన్నానని వెనకాడితేనే ప్రమాదం.

పురిటికి మీ అమ్మ దగ్గరికి వెళ్లి, మూడో నెలలో బిడ్డతో తిరిగొస్తావు కదా. నువ్వు వెళ్లేలోపే ఉయ్యాల కట్టించి, ఆ గది తలుపు చిట్టికి మూసేయండి. బిడ్డ వచ్చాక హఠాత్తుగా తలుపు మూస్తే అది గోకుతూ అరుస్తుంది. నువ్వు తిరిగొచ్చే రోజుకు వారం ముందు, బిడ్డ వేసుకున్న చొక్కా ఒకటి పంపితే అల్లుడు దాని తిండిగిన్నె దగ్గర పెడతాడు, ఆ వాసన దానికి అలవాటవుతుంది. ఫోన్‌లో పసిపిల్లల ఏడుపు మొదట సన్నగా, రోజురోజుకీ కాస్త పెంచుతూ వినిపించమను.

పిల్లి పాలవాసనకు వచ్చి ఊపిరి పీల్చేస్తుందన్నది వట్టి మాట. కానీ వెచ్చదనం కోసం పక్కన చేరుతుంది, ముఖానికి ఆనుకుంటే పసిబిడ్డ తల తిప్పుకోలేదు. అందుకని బిడ్డ నిద్రపోతున్నప్పుడు, ఎవరూ లేని గదిలో ఇద్దరినీ ఎప్పుడూ కలిపి ఉంచకండి. దోమతెరను నమ్ముకోవద్దు, పిల్లి దూకితే అది బిడ్డ మీదే పడుతుంది. తలుపుకు జాలీ తలుపు పెట్టించండి, గాలీ వస్తుంది, ఏడుపూ వినిపిస్తుంది.

ఏడెనిమిది నెలలకు బిడ్డ పాకుతుంది. అప్పటికి ట్రేని బిడ్డ వెళ్లలేని చోటికి, రోజుకో రెండడుగులు మాత్రమే జరుపుతూ తీసుకెళ్లండి. ఒక్కసారే మారిస్తే పాతచోటే తడుపుతుంది. గోడకు ఎత్తులో ఒక బల్ల కొట్టించండి. తోక పట్టి లాగే చేతుల నుంచి చిట్టికి ఎక్కి కూర్చునే చోటు ఉంటే గోళ్లు బయటికి రావు.

మీ పెద్దమ్మ