జీఎస్టీ సందేహాలు: ఐఆర్‌ఎన్ లేని బిల్లు

ప్రశ్న: విజయవాడలో హార్డ్‌వేర్ హోల్‌సేల్ చేస్తున్నాం. హైదరాబాద్‌లో బ్రాంచి ఉంది. 2022-23లో రెండుచోట్లా కలిపి టర్నోవర్ 5.30 కోట్లు వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ 5 కోట్లు దాటలేదు. ఈ-ఇన్వాయిస్ మాకు వర్తిస్తుందా?
- ఒక పాఠకుడు, విజయవాడ

వర్తిస్తుంది. ఈ-ఇన్వాయిస్ అంటే బిల్లు వివరాలను ప్రభుత్వ పోర్టల్‌కు పంపి ఐఆర్‌ఎన్ అనే గుర్తింపు నంబరు, క్యూఆర్ కోడ్ తెచ్చుకోవడం. 2023 ఆగస్టు 1 నుంచి పరిమితి 5 కోట్లు. 2017-18 మొదలు ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలో దాటినా చాలు, తర్వాత వ్యాపారం పడిపోయినా మినహాయింపు లేదు. లెక్క పాన్ మీద తీస్తారు కాబట్టి 37తో మొదలయ్యే మీ విజయవాడ జీఎస్టీ నంబరు, 36తో మొదలయ్యే హైదరాబాద్ నంబరు రెండూ కలుస్తాయి. కౌంటర్లో జీఎస్టీ నంబరు లేకుండా కొనేవాళ్ల బిల్లులకు ఐఆర్‌ఎన్ అక్కర్లేదు గానీ, ఆ అమ్మకాలు మాత్రం టర్నోవర్ లెక్కలోకి వస్తాయి.

మీలాంటివాళ్లు మరిచిపోయేది బ్రాంచికి పంపే సరుకు. మీ సొంత సరుకే అయినా రెండు జీఎస్టీ నంబర్ల మధ్య వెళ్తోంది కదా, దానికీ ట్యాక్స్ ఇన్వాయిస్, ఐఆర్‌ఎన్ ఉండాల్సిందే. పోర్టల్ తనంతట తాను ఎనేబుల్ చేయలేదని ఊరుకోవద్దు. మీరే చేసుకునే వీలుంది, బాధ్యతా మీదే. ఐఆర్‌ఎన్ తీయాల్సినవాళ్లు తీయకుండా ఇచ్చిన కాగితాన్ని జీఎస్టీ 48(5) నిబంధన ఇన్వాయిస్‌గానే గుర్తించదు.

ప్రశ్న: ట్యాలీ వాడుతున్నాం. ఈ-ఇన్వాయిస్ పని ఎక్కడ మొదలుపెట్టాలి?
- అకౌంటెంట్, నిజామాబాద్

ముందు ఫోన్ నంబరు చూసుకోండి. ఓటీపీ వెళ్లేది జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఉన్న మొబైల్‌కు. అది ఎప్పుడో మానేసిన గుమాస్తాదో, పాత ఆడిటర్‌దో అయితే మొదట దాన్ని మార్పించాలి. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసే పత్రం) లాగిన్ ఉంటే అదే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఈ-ఇన్వాయిస్ పోర్టల్లోనూ పనిచేస్తాయి. లోపలికి వెళ్లాక ఏపీఐ (సాఫ్ట్‌వేర్‌ను పోర్టల్‌కు కలిపే దారి) రిజిస్ట్రేషన్‌లో జీఎస్‌పీని, అంటే ఆ అనుసంధానం చేసే సంస్థను ఎంచుకుని, వేరే యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్ అడిగేది ఈ రెండో జతనే. అక్కడ పోర్టల్ పాస్‌వర్డ్ కొట్టి 'లాగిన్ కావట్లేదు' అని తలపట్టుకునేవాళ్లే ఎక్కువ.

తర్వాత మాస్టర్లు, అంటే సాఫ్ట్‌వేర్‌లో పార్టీల, సరుకుల వివరాల జాబితాలు. నన్నడిగితే సాఫ్ట్‌వేర్ పని ఒక పూట, మాస్టర్ల పని వారం. ప్రతి పార్టీకీ జీఎస్టీ నంబరు, ఊరు, రాష్ట్రం, ఆరంకెల పిన్‌కోడ్ ఉండాలి. 5 కోట్లు దాటినవాళ్లు ప్రతి సరుకుకూ ఆరంకెల హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకాన్ని తెలిపే కోడ్) వేయాలి. పాత నాలుగంకెల కోడ్ చెల్లదు. 'బస్తా', 'కట్ట' అని మీరు పెట్టుకున్న కొలతలను జీఎస్టీ యూనిట్ కోడ్‌లకు కలపాలి. బిల్లు నంబరు 16 అక్షరాలు మించకూడదు. అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఏటవాలు గీత తప్ప ఇంకేవీ రాకూడదు. మొదటి అక్షరంగా సున్నా గానీ గీత గానీ ఉండకూడదు. 001 అని మొదలుపెట్టే అలవాటున్నవాళ్లకు తొలిరోజే దెబ్బ పడేది ఇక్కడే.

రోజుకు రెండు మూడు బిల్లులే అయితే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ ఉచితంగా ఇచ్చే ఎక్సెల్ టూల్ చాలు.

ప్రశ్న: 2150, 3028, 3039 అని ఎర్రర్లు వస్తున్నాయి. ఏం చేయాలి?
- మిర్చి ఎగుమతిదారు, గుంటూరు

2150 అంటే ఆ బిల్లుకు ఐఆర్‌ఎన్ అప్పటికే వచ్చేసిందని. నెట్ మందగించి మొదటి జవాబు మీకు చేరక, మళ్లీ పంపి ఉంటారు. ఐఆర్‌ఎన్ అనేది అమ్మినవారి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, బిల్లు నంబరు కలిపి కట్టిన 64 అక్షరాల కోడ్. ఈ నాలుగూ మారనంతవరకు రెండోది పుట్టదు. నంబరు మార్చి మరో బిల్లు వేస్తే అమ్మకం రెండుసార్లు జీఎస్‌టీఆర్-1 అనే అమ్మకాల రిటర్నులోకి ఎక్కుతుంది. అలా చేయకుండా బిల్లు వివరాలతో పాత ఐఆర్‌ఎన్‌నే తెచ్చుకోండి.

3028 వచ్చిందంటే కొన్నవారి నంబరు ఇన్వాయిస్ వ్యవస్థలోకి ఇంకా చేరలేదని. కొత్త రిజిస్ట్రేషన్లకు ఎక్కువగా వస్తుంది. జీఎస్టీ పోర్టల్లో నంబరు యాక్టివ్‌గా ఉందో లేదో చూసి, ఉంటే ఈ-ఇన్వాయిస్ పోర్టల్లో వివరాలు అప్‌డేట్ చేసే ఆప్షన్ నొక్కి మళ్లీ పంపండి.

3039 పిన్‌కోడ్‌కూ రాష్ట్రానికీ పొత్తు కుదరకపోతే వస్తుంది. 507తో మొదలయ్యే ఊళ్ల దగ్గర జాగ్రత్త: ఖమ్మం తెలంగాణ, చింతూరు ఆంధ్రప్రదేశ్. పోర్టల్లోని పిన్‌కోడ్ జాబితాతో సరిచూశాకే మాస్టర్‌లో ఎక్కించండి.

ప్రశ్న: మూడు రోజుల కిందటి బిల్లులో కొన్నవారి జీఎస్టీ నంబరే తప్పు పడింది. క్యాన్సిల్ చేయొచ్చా?
- గ్రానైట్ యూనిట్, కరీంనగర్

ఇప్పుడు కుదరదు. పోర్టల్లో రద్దుకు గడువు 24 గంటలు, అదీ మొత్తం బిల్లుకే. ఆ బిల్లుపై ఈ-వే బిల్లు నడుస్తుంటే ముందు దాన్ని రద్దు చేయాలి. మీరిక ఆ తప్పు నంబరు మీదే పూర్తి మొత్తానికి క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) ఇవ్వండి. దానికీ ఐఆర్‌ఎన్ తీయాలి. ఆపైన సరైన పార్టీకి కొత్త నంబరుతో బిల్లు వేయండి. 24 గంటల్లోపు రద్దు చేసుకున్నవాళ్లయినా పాత నంబరును మళ్లీ వాడలేరు.

ప్రశ్న: నెలాఖరున అన్నీ ఒకేసారి అప్‌లోడ్ చేస్తే?
- స్టీల్ డీలర్, విశాఖపట్నం

టర్నోవర్ 10 కోట్లు, ఆపైన ఉంటే 2025 ఏప్రిల్ 1 నుంచి బిల్లు తేదీ దగ్గర్నుంచి 30 రోజులే గడువు. క్రెడిట్, డెబిట్ నోట్లకూ అంతే. గడువు దాటితే పోర్టల్ తీసుకోదు, పన్ను మాత్రం అమ్మిన నెలలోనే కట్టాలి. 5 నుంచి 10 కోట్ల మధ్య వాళ్లకు ఈ తాళం లేదు గానీ, లారీ కదిలేలోపు ఇన్వాయిస్ ఇవ్వాలని జీఎస్టీ చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. ఐఆర్‌ఎన్ లేనిది ఇన్వాయిసే కానప్పుడు దారిలో తనిఖీలో డ్రైవర్ చూపించేదేమిటి? 122వ సెక్షన్ కింద జరిమానా 10,000 రూపాయలు లేదా పన్ను మొత్తం, ఏది ఎక్కువైతే అది.

ప్రశ్న: మాకు సరుకు తెచ్చే ట్రాన్స్‌పోర్టు సంస్థ పెద్దదే, అయినా క్యూఆర్ లేని బిల్లు ఇస్తోంది.
- రైస్ మిల్లు, మిర్యాలగూడ

లారీ రసీదు ఇచ్చి సరుకు రవాణా చేసే ఏజెన్సీలకు మినహాయింపు ఉంది, బ్యాంకులకూ బీమా కంపెనీలకూ ఉన్నట్టే. పరిమితి దాటినవాళ్లయితే తమకు ఈ-ఇన్వాయిస్ వర్తించదన్న ప్రకటన బిల్లు మీద ఉండాలి. లేకపోతే అడిగి వేయించుకోండి.