అంగడి ధర ఎగబాకుతున్నప్పుడు సూడి ఆవుకు ఎంత దాకా పెట్టొచ్చు?

మీరు అడిగింది ఇది: హన్మకొండ దగ్గర ఊళ్లో నాలుగు ఆవులున్నాయి, ఇంకో రెండు సూడి (కడుపుతో ఉన్న) హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులు కొనాలి, అంగట్లో ధర నెలనెలా పెరుగుతోంది. ఇప్పుడే కొనాలా, ఆగాలా?

అన్నా, ముందు అంగడి ధరను పక్కన పెట్టి మీ కొట్టంలో లెక్క వేయండి. ఆవుకు ఇంకా ఎన్ని ఈతలు (కాన్పులు) ఉన్నాయి, ఒక్కో ఈతకు ఎంత మిగులుతుంది, చివరికి అమ్మితే ఏం వస్తుంది? ఈ మూడూ కలిపితే వచ్చేదే మీ గరిష్ఠ ధర. దాన్ని దాటి ఒక్క రూపాయి పెట్టినా రేపు ఇంకా ఎక్కువకు కొనేవాడు దొరుకుతాడన్న ఆశ మీదే పెట్టినట్టు.

అమ్మేవాళ్లు చెప్పే పాలు ఈనిన రెండో నెలవి. అప్పుడు రోజుకు ఎంత ఇస్తుందో దాన్ని 200తో గుణిస్తే ఈత మొత్తం పాలు సుమారుగా తెలుస్తాయి. 12 లీటర్ల ఆవంటే 2,400 లీటర్లు, 300 రోజుల సగటు 8 లీటర్లే. లీటరుకు 40 రూపాయలనుకుంటే 96,000. ఇక్కడ మీ పాల చిట్టీల సగటు వేసుకోండి. ముల్కనూరైనా, విజయైనా, కరీంనగర్ డెయిరీ అయినా వెన్న శాతం చూసే కడతారు, హెచ్‌ఎఫ్ పాలలో వెన్న 3.5 దగ్గరే ఉంటుంది.

ఖర్చు చూడండి. దాణా ఆవు ఒంటి పోషణకు రోజుకు కిలోన్నర, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో. 8 లీటర్లకు దాదాపు 5 కిలోలు. కిలో 28 చొప్పున 300 రోజులకు 42,000. వట్టిపోయిన 100 రోజులు రోజుకు రెండున్నర కిలోలు, 7,000. పచ్చిగడ్డి, వరిగడ్డి రోజుకు 60 చొప్పున 400 రోజులకు 24,000. మందులు, చూలు కట్టడానికి వేయించే సూది, బీమా 6,000. మొత్తం 79,000. మిగిలేది 17,000, మీ ఇంటి కష్టానికి కూలి కట్టకుండానే.

మూడు ఈతలు మిగిలి ఉంటే 51,000. చివరి అమ్మకానికి 15,000 మించి వేయకండి. 1977 గోవధ నిషేధ చట్టం ప్రకారం మన దగ్గర ఆవును కోతకు అమ్మే వీల్లేదు, అందుకే ముసలి బర్రెకున్న గిరాకీ ముసలి ఆవుకు ఉండదు. దూడకు నేను ఏమీ కట్టను. కోడెదూడకు కొనేవాడు లేడు, పెయ్యదూడ ఈనే దాకా రెండున్నరేళ్ల మేత తింటుంది. మొత్తం 66,000. ఒక ఈత తప్పే ప్రమాదానికి పదో వంతు తీసేస్తే 60,000 దగ్గర ఆగాలి.

ఇప్పుడు ధర ఎందుకు పెరిగిందో చూడండి. పాల ధర రూపాయి పెరిగితే ఈతకు 2,400, మూడు ఈతలకు 7,200 ఎక్కువ పెట్టొచ్చు. దాణా కిలోకు రూపాయి పెరిగితే మూడు ఈతలకు 5,250 తగ్గించాలి. రెండూ కదలకుండా ఆవు ధర ఒక్కటే 15 వేలు ఎక్కిందంటే అది సబ్సిడీ లోన్ల గిరాకీ, లేదా తొలకరి తర్వాత పచ్చిగడ్డి చూసి పడ్డ గిరాకీ. అలాంటప్పుడు ఆగండి. నిజానికి అది మీ కొట్టంలో ఐదో ఈత దాటిన ఆవును అమ్ముకునే సమయం.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. ఎద ఒక్కసారి తప్పితే 21 రోజులు పోతాయి. వట్టి ఆవుకు రోజుకు 130 మేత, అంటే 2,730. మూడు ఎదలు తప్పితే ఈత మిగులులో దాదాపు సగం మాయం. తిరగపొర్లే ఆవును, అంటే సూది వేసినా చూలు కట్టక మళ్లీ మళ్లీ ఎదకొచ్చేదాన్ని, ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

ధర ఎక్కే అంగట్లో ఆరోగ్యం లేని ఆవు కూడా మంచిదాని ధరకే పోతుంది కాబట్టి పరీక్షలో తొందరపడొద్దు. నోరు తెరిచి కింది ముందుపళ్లు చూడండి. ఎనిమిదీ మారితే నాలుగున్నర, ఐదేళ్లు. నడిమి రెండు పళ్ల అంచు అరిగి చదునైతే ఆరేళ్లు దాటినట్టు, ఒక ఈత తగ్గించి లెక్కేయండి. కొమ్ము గాట్లను నమ్మొద్దు, ఆకురాయితో రుద్దేస్తారు.

సూడిని నోటి మాట మీద ఒప్పుకోవద్దు. చెవి పోగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది. సూది వేసిన తేదీ ఎక్కించి ఉంటే ఊళ్లో సూదులు వేసే గోపాలమిత్రతో ఆ నంబరు మీద చూపించుకోండి. ఆ తేదీకి 280 రోజులు కలిపితే ఈనే రోజు. తేదీ లేకుంటే డాక్టరుతో చేయి పెట్టి చూపించాకే బయానా ఇవ్వండి.

వట్టి సూడి ఆవును పిండి చూడలేం, అందుకే పొదుగును చేత్తో చూడాలి. నాలుగు భాగాలనూ వేళ్లతో ఒత్తుతూ పోండి. మెత్తగా తోలుసంచిలా మడత పడాలి. లోపల గట్టిగా గడ్డ తగిలితే పాత పొదుగువాపు, ఆ చన్ను ఈనాక పాలివ్వకపోవచ్చు. దానికి కనీసం ఒక ఈత మిగులు తగ్గించండి. పాలిచ్చే ఆవైతే మొదటి పూట మీ ముందే పూర్తిగా పిండించి వదిలేయండి, ఆ తర్వాతి మూడు పూటలు కొలవండి. ముందు పూట పిండకుండా ఆపి చూపించడం మామూలే. మొదటి రెండు మూడు ధారలు నల్లగుడ్డ మీద పోస్తే తెల్లటి పెరుగు తునకలు తెలుస్తాయి.

ఆరో నెల దాటాక ఈసుకుపోయిన (కడుపు పోయిన) చరిత్ర ఉంటే, కడుపు పోగొట్టే బ్రూసెల్లా రోగానికి రక్తపరీక్ష చేయించకుండా కొట్టంలోకి తోలొద్దు, మీ నాలుగు ఆవులకూ అంటుకుంటుంది, మనుషులకూ వస్తుంది. ఎండలో ఆగకుండా రొప్పుతూ, ఒంటి మీద బొచ్చు పొడుగ్గా ఉంటే గాలికుంటు సోకి మిగిలిన ఆవు కావచ్చు. మన ఏప్రిల్, మే ఎండలకు అది తట్టుకోదు, ఎదకూ సరిగా రాదు.

కొనడానికి ఐదు నుంచి ఏడు నెలల సూడి మేలు. ఎనిమిదో నెల దాటితే ఆటో ట్రాలీ కుదుపులకు ఈసుకుపోయే భయం ఉంటుంది. తప్పనిసరైతే కింద ఇసుక, వరిగడ్డి పరిచి, చల్లపూట తోలుకురండి.