వేడి మసాలా వైన్ చేదెక్కకుండా ఇంట్లో చేసుకోవడం ఎలా?

వైన్‌లో లవంగాలు, దాల్చినచెక్క వేసి అరగంట మరిగిస్తే చేదెక్కి ఔషధం లాంటి వాసన వచ్చిందని, అంతసేపు మరిగింది కాబట్టి మత్తు పోయినట్లేనా, ఇంట్లో అందరికీ ఇవ్వవచ్చా అని మీరు అడిగారు. ఈ పానీయంలో మరగవలసినవి మసాలాలు, వైన్ కాదు. హన్మకొండలో మా ఇంట చలి ముదిరిన రోజుల్లో, ముఖ్యంగా క్రిస్మస్‌కు చుట్టాలు వచ్చినప్పుడు, ఏళ్ల తరబడి దీన్ని నేనే చేస్తున్నాను కనుక నా పద్ధతి వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక స్టీలు గిన్నెలో పావు లీటరు నీళ్లు, 80 గ్రాముల చక్కెర, రెండు అంగుళాల దాల్చినచెక్క, ఐదారు లవంగాలు, కొద్దిగా చిదిమిన నాలుగు యాలకులు, ఒక అనాసపువ్వు, చిన్న అల్లం ముక్క వేసి, సన్నని సెగ మీద పది నిమిషాలు మరిగించి వడకట్టండి. వైన్‌లో పులుపు ఉంటుంది కనుక అల్యూమినియం గిన్నె గానీ, కళాయి పోయిన ఇత్తడి గిన్నె గానీ వాడకూడదు. మన కిరాణా దుకాణాల్లో దాల్చినచెక్క పేరుతో ఎక్కువగా దొరికేది మందంగా, ముదురు రంగులో ఉండే ఘాటైన రకం. అది శ్రీలంక నుంచి వచ్చే పలుచని, పొరలు పొరలుగా చుట్టుకున్న చెక్క కాదు కాబట్టి, విదేశీ వంటకాల్లో రాసినంత వేస్తే నోరు మండుతుంది. లవంగాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే వాటిలోని నూనె నాలుకను మొద్దుబారుస్తుంది. మీకు వచ్చిన ఆ ఔషధం వాసనకు కారణం చాలావరకు అరగంట మరిగిన ఆ లవంగాలే. మసాలాల పొడి మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు, అది వడపోతలో ఆగదు, గ్లాసు అడుగున మడ్డిగా మిగులుతుంది.

చేదుకు రెండో కారణం సంత్రా తొక్క. చలికాలంలో వరంగల్‌లో బండ్ల మీద అమ్మే నాగపూర్ సంత్రాలు దీనికి చక్కగా సరిపోతాయి గానీ, ముక్కలు కోసి తొక్కతో సహా వేడి వైన్‌లో నాననిస్తే, తొక్క లోపలి తెల్లని పొర చేదును వదులుతుంది. పండును ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడిగి, తొక్కను పలక మీద బోర్లా పరిచి, చెంచాతో ఆ తెల్లని పొరను గీకేసి, నారింజ రంగు మాత్రమే మిగిలిన రెండు మూడు చీలికలను మసాలా నీళ్లు దించే ముందు వేయండి. రెండు పండ్ల రసం విడిగా పిండి ఉంచుకోండి.

ఇప్పుడు వడకట్టిన పాకంలో ఆ రసాన్ని, 750 మిల్లీలీటర్ల ఎర్ర వైన్‌ను పోసి, అతి సన్నని సెగ మీద వెచ్చబెట్టండి. సీసా మీద ‘డ్రై’ (అంటే తీపి లేనిది) అని ఉన్న మామూలు నాసిక్ వైన్ చాలు, ఖరీదైనది ఇందులో వృథా. తియ్యని పోర్ట్ రకం వైన్ అయితే చక్కెర సగానికి తగ్గించండి. గిన్నె అంచు వెంట సన్నని బుడగలు ముత్యాల్లా పేరుకుని, పైన పలుచని ఆవిరి లేచి, నడుమ భాగం ఇంకా కదలకుండా ఉన్నప్పుడే పొయ్యి ఆర్పేయాలి; ఉష్ణమాపకం ఉంటే 70 డిగ్రీలు దాటనివ్వకండి. కాస్త ఘాటు కావాలనుకుంటే 60 మిల్లీలీటర్ల రమ్మును పొయ్యి ఆర్పిన తరువాతే కలపాలి. మంట మీద ఉన్న గిన్నెలో రమ్ము పోస్తే ఆవిరి అంటుకునే ప్రమాదం ఉంది, ఇది నిర్లక్ష్యం చేయదగిన విషయం కాదు. అలాగే లైసెన్సు ఉన్న దుకాణంలో కొన్న సీలు సీసా తప్ప, ఎవరో తెచ్చి ఇచ్చిన నాటు సారా ఇందులో చుక్క కూడా వద్దు.

ఇక మత్తు సంగతి. ఆల్కహాలు 78 డిగ్రీల వద్ద మరుగుతుంది కాబట్టి అక్కడికి చేరగానే అంతా ఎగిరిపోతుందని చాలామంది నమ్ముతారు. కానీ నీటిలో కలిసిన ఆల్కహాలు నీటితో పాటే మెల్లమెల్లగా పోతుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం, వంటలో కలిపి సన్నని సెగ మీద ఉడికించినప్పుడు 15 నిమిషాల తరువాత 40 శాతం, అరగంట తరువాత 35 శాతం, గంట తరువాత కూడా 25 శాతం మిగిలే ఉంటుంది. 70 డిగ్రీలకు లోబడి కొద్దిసేపు వెచ్చబెట్టిన మన పానీయంలో దాదాపు మొత్తం ఉంటుంది. పైగా తీపి, వేడి, మసాలా కలిసి మద్యం ఘాటును కప్పేస్తాయి కనుక, మామూలుగా తాగని వారు కూడా తెలియకుండానే రెండో గ్లాసుకు వెళతారు. తెలంగాణలో 21 ఏళ్లు నిండని వారికి, గర్భిణులకు, బండి నడపవలసిన వారికి ఇది ఇవ్వకూడదు. మధుమేహానికో, రక్తపోటుకో మందులు వాడే పెద్దలు డాక్టరును అడగకుండా తాగకపోవడమే మంచిది. అందుకే నేను మసాలా పాకాన్ని రెట్టింపు చేసి, సగాన్ని వేరే గిన్నెలో నల్ల ద్రాక్షరసంతో కలిపి వెచ్చబెడతాను. రంగు, వాసన రెండింటిలోనూ తేడా పట్టడం కష్టం కాబట్టి వైన్ ఉన్నదాన్ని గాజు గ్లాసుల్లో, ద్రాక్షరసాన్ని స్టీలు గ్లాసుల్లో పోస్తాను.

గాజు గ్లాసు పగలకుండా ముందు వేడినీళ్లతో కడిగి, పోసిన తరువాత పైన జాజికాయను ఒక్కసారి గీయండి. మిగిలినదాన్ని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే మరునాటికి బాగానే ఉంటుంది, అయితే తాగబోయేంత మాత్రమే తీసి ఒక్కసారే వెచ్చబెట్టండి.