కాలిఫోర్నియా 17వ డిస్ట్రిక్ట్: నెంబరు పట్టుకుని వెతికితే ఊరు తప్పుతుంది

ఇప్పటి సభ్యుడు రో ఖన్నా కంటే ముందు కాలిఫోర్నియా 17వ కాంగ్రెషనల్ డిస్ట్రిక్ట్‌కి (అమెరికా ప్రతినిధుల సభకి ఒక సభ్యుణ్ణి పంపే నియోజకవర్గం) ఎవరెవరు ప్రతినిధులుగా ఉన్నారు, అక్కడ మొదటినుంచీ ఆసియా సంతతి వాళ్లే గెలుస్తున్నారా అన్నది ప్రశ్న. "17వ డిస్ట్రిక్ట్ సభ్యుల జాబితా" తెరిచి కింది నుంచి పైకి చదివేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. అది నెంబరు చరిత్ర. మీరు అడుగుతున్నది ఇప్పుడు ఆ డిస్ట్రిక్ట్‌లో ఉన్న ఊళ్లు సన్నీవేల్, శాంటా క్లారా, క్యూపర్టినో, ఫ్రీమాంట్‌ల చరిత్ర. ఈ రెండూ కలిసింది 2013 జనవరిలోనే.

నెంబరు ఎక్కడెక్కడ తిరిగిందో చూడండి. 1942 నుంచి 1969 దాకా 17 అంటే లాస్ ఏంజిలిస్ వైపు సీటు, సభ్యుడు సెసిల్ కింగ్. తర్వాత గ్లెన్ ఆండర్సన్. 1973లో అదే నెంబరు శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన ఉన్న పీట్ మెక్లాస్కీకి వచ్చింది, రెండేళ్లే. 1975లో ఫ్రెస్నో వైపు లోయలోకి పోయింది: జాన్ క్రెబ్స్, ఆయన్ని ఓడించిన చిప్ పషాయన్, ఆయన్ని ఓడించిన కాల్ డూలీ. 1993లో సముద్రతీరానికి, మాంటెరే వైపు వచ్చింది. అక్కడ లియాన్ పనెట్టా ప్రమాణం చేసిన నెలలోనే క్లింటన్ ప్రభుత్వంలోకి వెళ్లిపోతే, ఉప ఎన్నికలో శామ్ ఫార్ గెలిచి 2013 దాకా ఉన్నారు. అంటే జాబితాలో, 2013లో 17కి వచ్చిన మైక్ హోండాకి ముందు కనిపించే శామ్ ఫార్ ఒక్క రోజు కూడా క్యూపర్టినోకి ప్రతినిధి కాదు. 2013లో ఆయన ఓడిపోలేదు, తన మాంటెరే ఓటర్లతో పాటే 20వ నెంబరుకి మారారు. "హోండా ఫార్ స్థానంలో వచ్చారు" అని రాసిన వ్యాసాలు చదివినప్పుడల్లా బాధేస్తుంది. ఒక్క మ్యాప్ తెరిచి చూస్తే రాయని మాట అది.

మన దగ్గర లోక్‌సభ సీటుకి ఊరి పేరు ఉంటుంది. పి.వి. నరసింహారావు 1977లో, 1980లో గెలిచిన హనుమకొండ సీటు 2008 పునర్విభజనలో రద్దయితే, పేరు కూడా జాబితాలోంచి పోయింది. ఎవరూ దాన్ని వేరే జిల్లాకి తగిలించలేదు. అమెరికాలో సీటు రద్దయినా నెంబరు మిగులుతుంది, ఇంకో చోటికి పోయి కూర్చుంటుంది. మనవాళ్లు పొరపడేది ఇక్కడే.

ఇక అసలు ఊళ్ల సంగతి. శాంటా క్లారా వైపు వరస ఇలా నడిచింది: నార్మన్ మినెటా, టామ్ క్యాంప్‌బెల్, మైక్ హోండా, రో ఖన్నా. మినెటా శాన్ హోసే మేయర్‌గా ఉండి 1974లో గెలిచారు. అప్పుడది 13వ డిస్ట్రిక్ట్. 1993లో అది 15 అయింది, 2013లో 17. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ మూలాల కుటుంబాలను నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు, శాన్ హోసే నుంచి ఆయన కుటుంబాన్ని వయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్‌కి పంపారు. అప్పటికి ఆయన చిన్నపిల్లవాడు. ఆ నిర్బంధానికి క్షమాపణ, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్ల పరిహారం ఇచ్చే బిల్లు కోసం సభలో ముందుండి పనిచేశారు. ఆ బిల్లుకి 442 అని నెంబరు పెట్టారు, జపాన్ మూలాల సైనికులతో పోరాడిన 442వ రెజిమెంట్ గుర్తుగా. 1987 సెప్టెంబరులో సభలో 243-141తో నెగ్గింది, 1988 ఆగస్టులో రీగన్ సంతకం చేశారు. ఒక డిస్ట్రిక్ట్‌కి ప్రతినిధి ఎవరన్నది ఎందుకు పట్టించుకోవాలి అని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ బిల్లునే.

1995 అక్టోబరులో మినెటా పదవీకాలం మధ్యలోనే రాజీనామా చేసి లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీకి వెళ్లారు. సెనేట్ సీటు ఖాళీ అయితే చాలా రాష్ట్రాల్లో గవర్నర్ ఎవరినైనా తాత్కాలికంగా నియమించవచ్చు. ప్రతినిధుల సభలో అది కుదరదు, రాజ్యాంగం ప్రకారం ఎన్నిక పెట్టాల్సిందే. డిసెంబరు ఉప ఎన్నికలో రిపబ్లికన్ టామ్ క్యాంప్‌బెల్ గెలిచారు. కాబట్టి "మొదటినుంచీ ఆసియా వాళ్లేనా" అన్నదానికి జవాబు: కాదు. ఇద్దరు జపనీస్ అమెరికన్ల మధ్య ఐదేళ్లకు పైగా క్యాంప్‌బెల్ ఉన్నారు. 2000లో ఆయన సెనేట్‌కి పోటీచేసి డయాన్ ఫైన్‌స్టీన్ చేతిలో ఓడారు, ఖాళీ అయిన సీటులో హోండా గెలిచారు. హోండా కూడా పసివాడిగా కొలరాడోలోని అమాచీ శిబిరంలో ఉన్నవారే.

సన్నీవేల్ కథ వేరు. 1993 నుంచి 2013 దాకా ఆ ఊరు ఎక్కువ భాగం అన్నా ఎషూ ప్రాతినిధ్యం వహించిన 14వ డిస్ట్రిక్ట్‌లో ఉంది. ఫ్రీమాంట్ ఇంకో దారి: ముందు డాన్ ఎడ్వర్డ్స్, తర్వాత పీట్ స్టార్క్. 2013లో ఫ్రీమాంట్‌ని చీల్చారు, ఒక ముక్క హోండాకి, ఇంకో ముక్క ఎరిక్ స్వాల్‌వెల్‌కి. ఒకే ఊళ్లో రెండు వీధుల అవతల ఉన్నవాళ్లకి వేరే ప్రతినిధి అన్నమాట.

2013 మ్యాప్ గీసింది నాయకులు కాదు. 2008లో ప్రాపోజిషన్ 11 (ప్రాపోజిషన్ అంటే ఓటర్లే నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదన), 2010లో ప్రాపోజిషన్ 20 నెగ్గాక ఆ పని 14 మంది పౌరుల కమిషన్‌కి అప్పగించారు: ఐదుగురు డెమోక్రాట్లు, ఐదుగురు రిపబ్లికన్లు, నలుగురు ఏ పెద్ద పార్టీకీ చెందనివారు. అంతకుముందు 2001లో శాసనసభ గీసిన మ్యాప్ ఎంత భద్రంగా ఉందంటే, 2002 నుంచి 2010 దాకా ఐదు ఎన్నికల్లో 53 సీట్లకు గాను పార్టీ మారింది ఒకే ఒక్కసారి: 2006లో 11వ డిస్ట్రిక్ట్‌లో, రిచర్డ్ పాంబోపై జెర్రీ మెక్‌నెర్నీ గెలిచినప్పుడు. కమిషన్ వచ్చి ఆ గీతలన్నీ చెరిపి, శాంటా క్లారా, క్యూపర్టినో, సన్నీవేల్, మిల్పీటస్, నెవార్క్, ఫ్రీమాంట్‌లో కొంత, శాన్ హోసే ఉత్తర భాగం ఒకచోట చేర్చింది. హవాయీ బయట ఆసియా జనాభా సగం దాటిన మొదటి డిస్ట్రిక్ట్ అదే.

2014లో హోండాకి, ఖన్నాకి మధ్య పోటీ ఈ కొత్త గీతలమీద జరిగింది. దాన్ని అర్థం చేసుకోవాలంటే బ్యాలెట్ చూడాలి. 2010లో నెగ్గిన ప్రాపోజిషన్ 14 ప్రకారం జూన్ ప్రైమరీలో, అంటే నవంబరు ఎన్నికకి ముందు జరిగే వడపోతలో, అన్ని పార్టీల వాళ్లూ ఒకే జాబితాలో ఉంటారు, మొదటి ఇద్దరు మాత్రమే నవంబరుకి వెళ్తారు. పార్టీ ఏదైనా సరే. ఎవరికైనా సగానికి పైగా వచ్చినా అక్కడితో అయిపోదు, నవంబరులో మళ్లీ తలపడాల్సిందే. జూన్‌లో హోండా చాలా ముందున్నారు, ఖన్నా బాగా వెనక రెండో స్థానం, రిపబ్లికన్లు బయటికి. నవంబరు బ్యాలెట్‌లో రెండే పేర్లు, రెండింటి కిందా డెమోక్రటిక్ అనే. రిపబ్లికన్ ఓటరు ముందు మూడు దార్లు: హోండా, ఖన్నా, లేదా ఆ గడి ఖాళీగా వదిలేయడం. పాత పద్ధతిలో అయితే పార్టీ ప్రైమరీలోనే హోండా గెలిచేవారు, కథ జూన్‌లో ముగిసేది. ఒబామా మద్దతు హోండాకి, ఐటీ కంపెనీల పెద్దల డబ్బు ఖన్నాకి. ఫలితం సుమారు 52-48, హోండా గట్టెక్కారు.

రెండేళ్ల తర్వాత జూన్‌లోనే ఖన్నా స్వల్పంగా ముందుకొచ్చారు, నవంబరులో సుమారు 61-39తో గెలిచారు. 2014లో పోలైన ఓట్లు సుమారు 1.34 లక్షలు, 2016లో సుమారు 2.33 లక్షలు. అధ్యక్ష ఎన్నిక ఉన్న ఏడాది బయటికొచ్చే ఆ దాదాపు లక్ష మందే సీటు మార్చారని నా నమ్మకం. మన టీవీ ఛానళ్లు మాత్రం ఆ రాత్రి భారత సంతతి వాళ్లు ఎంతమంది గెలిచారో లెక్క చదివి ఊరుకున్నాయి. ఓడిపోయింది ఎవరో, ఆయన ఆ ఊళ్లకి ఏం చేశారో చెప్పలేదు. కొరియా, ఇతర దేశాల స్త్రీలను జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా మార్చినందుకు జపాన్ క్షమాపణ చెప్పాలని 2007లో సభ చేత తీర్మానం చేయించింది హోండా. అలాంటి మనిషి ఓడిన వార్తలో ఆయన పేరైనా సరిగ్గా పలకాలి కదా.

భారత సంతతి అనే మాట వచ్చింది కాబట్టి దలీప్ సింగ్ సౌంద్ సంగతి కూడా చెప్పాలి. 1946లో చట్టం మారేదాకా సౌంద్ లాంటి భారతీయ వలసదారులకు అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు లేదు. ఆయనకి 1949లో వచ్చింది, 1956లో 29వ డిస్ట్రిక్ట్ నుంచి కాంగ్రెస్‌కి గెలిచారు, ఆసియా నుంచి వచ్చినవాళ్లలో మొదటివారు. అప్పటి 29 అంటే రివర్‌సైడ్, ఇంపీరియల్ కౌంటీలు, పొలాల సీమ. ఇప్పటి 29 లాస్ ఏంజిలిస్‌లోని శాన్ ఫెర్నాండో లోయలో ఉంది. సౌంద్ సీటు చూడాలని అక్కడికి వెళ్తే ఏమీ కనిపించదు, ఇంపీరియల్ కౌంటీ ఇప్పుడు 25లో ఉంది.

మీ సొంత ఇంటి వరస తీయాలనుకుంటే నెంబరు వదిలేసి పూర్తి చిరునామాతో మొదలుపెట్టండి. జిప్ కోడ్ చాలదు, ఒక్క జిప్ కోడ్ రెండు మూడు డిస్ట్రిక్టుల్లో ఉండొచ్చు. ప్రతినిధుల సభ వెబ్‌సైట్‌లో వెతికినా, జిప్ కోడ్ చీలిపోయిన చోట అది వీధి పేరు కూడా అడుగుతుంది. తర్వాత మ్యాప్ మారిన ఏళ్లు రాసుకోండి. జనాభా లెక్క 0తో ముగిసే ఏడు, కొత్త గీతలమీద మొదటి ఎన్నిక 2తో ముగిసే ఏడు, సభ్యుడు కుర్చీలో కూర్చునేది 3తో ముగిసే ఏడు జనవరి 3న. ఎన్నిక ఏడుని పదవి ఏడుగా రాసుకుంటే మొత్తం వరస ఒక ఏడు పక్కకి జరుగుతుంది. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. కాలిఫోర్నియాలో ఇంకో మెలిక ఉంది. 1970లలో గీతలు కోర్టుకెక్కి 1974 ఎన్నికకి మళ్లీ మారాయి. మెక్లాస్కీ దగ్గర 17 రెండేళ్లే ఉండడానికి కారణం అదే. పాత సరిహద్దులకు యూసీఎల్ఏ వాళ్లు 1789 నుంచి తయారుచేసిన డిజిటల్ మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి, వాటిమీద మీ ఇల్లు పెట్టి చూడండి. మ్యాపుల్లో ఏడు బదులు కాంగ్రెస్ నెంబరు ఉంటుంది: నెంబరులోంచి ఒకటి తీసేసి, రెండుతో గుణించి, 1789 కలపండి. 113 అయితే 2013. చివరికి పేర్లను కాంగ్రెస్ వారి జీవితచరిత్రల డైరెక్టరీలో సరిచూడండి, మధ్యలో రాజీనామాలు, మరణాలు అక్కడ తేదీలతో ఉంటాయి.

2020 లెక్కల తర్వాత కాలిఫోర్నియాకి మొదటిసారి ఒక సీటు తగ్గింది, 53 నుంచి 52కి. ఒక్కో డిస్ట్రిక్ట్‌కి సుమారు 7.6 లక్షల మంది. ఈ 7.6 లక్షల్లో పౌరులు కానివాళ్లు కూడా లెక్కే. హెచ్-1బి మీద ఉన్న తెలుగు కుటుంబం, వాళ్ల పిల్లలు, జనాభా లెక్కలనాడు అక్కడే కాపురం ఉంటున్న అత్తమామలు, అందరూ ఆ సీటు పరిమాణంలో ఉన్నారు, ఓటులో లేరు. ఓటు లేదు కాబట్టి ఆఫీసుకి ఫోన్ చేయకూడదని మనవాళ్లు అనుకోవడం నాకు అస్సలు నచ్చదు. వీసా, గ్రీన్‌కార్డు ఫైలు ఎక్కడో ఆగితే ప్రతినిధి ఆఫీసు అడిగి పెడుతుంది, పౌరసత్వం అక్కర్లేదు, ఆ డిస్ట్రిక్ట్‌లో ఉంటే చాలు. ముందుగా సమాచారం పంచుకోవడానికి అనుమతిస్తూ ఒక ఫారం మీద సంతకం చేసి పంపాలి. 1974 ప్రైవసీ చట్టం వల్ల అది లేకుండా వాళ్లు మీ ఫైలు గురించి మాట్లాడలేరు. రసీదు నెంబరు, ఉంటే ఏ-నెంబరు (వలస శాఖ మీకు ఇచ్చే గుర్తింపు నెంబరు), పుట్టిన తేదీ అచ్చం దరఖాస్తులో ఉన్నట్టే రాయాలి. తేడా ఉంటే వెనక్కి రావచ్చు. వాళ్లు అడగగలరు, త్వరపెట్టమని కోరగలరు, ఫలానా నిర్ణయం ఇవ్వమని ఆదేశించలేరు. ప్రయారిటీ డేటు (గ్రీన్‌కార్డు వరసలో మీ స్థానం చెప్పే తేదీ) వంతు ఇంకా రానివాళ్లకి దీనితో పని జరగదు.

ఫారం పంపేముందు చిరునామా ఇంకోసారి సరిచూసుకోండి. 2025 నవంబరులో ఓటర్లు ప్రాపోజిషన్ 50 నెగ్గించారు కాబట్టి 2026 నుంచి 2030 దాకా ఎన్నికలకు కొత్త గీతలు. 2026 నవంబరులో ఆ గీతలమీద గెలిచినవాళ్లు కూర్చునేది 2027 జనవరి 3న, అప్పటిదాకా మీ ఫారం పాత డిస్ట్రిక్ట్ ఆఫీసుకే వెళ్లాలి.