బైపీసీ అమ్మాయికి కంప్యూటర్ కోర్సు

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీతో ఇంటర్ పాసైంది. నీట్ వద్దు, కంప్యూటర్సే చదువుతానంటోంది. ఇంటర్‌లో లెక్కలు లేవు కదా, సీటిస్తారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: టెన్షన్ పడకండి, నీట్ రాయమని బలవంతమూ చేయకండి. ఈఏపీసెట్ ద్వారా బీటెక్ సీఎస్‌ఈ మాత్రం కుదరదు, దానికి ఇంటర్‌లో లెక్కలు ఉండాల్సిందే. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ (కంప్యూటర్లతో సమాచారాన్ని విశ్లేషించడం నేర్పే డిగ్రీ) చూడండి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు, పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిష్ ఉంటే చాలు. జేఈఈ అక్కర్లేదు. డిగ్రీలో చేరడానికి ముందు 4 వారాల పాఠాలు, అసైన్‌మెంట్లు, ఆపైన క్వాలిఫయర్ (అర్హత) పరీక్ష ఉంటాయి; అది పాసైతే సీటు. పాఠాలు ఇంట్లోనే వినొచ్చు, పరీక్షలకు సెంటర్‌కి వెళ్లాలి. నా దగ్గర చదివిన బైపీసీ పిల్లలు ఎక్కువగా తడబడింది లెక్కల్లో, స్టాటిస్టిక్స్‌లో. ఫంక్షన్లు, గ్రాఫులు, ప్రాబబిలిటీ ఈ సెలవుల్లోనే మొదలుపెట్టించండి.