సంబారం, సంభారం, ఒక బిస్కెట్టు

సందేహం: మేము హాలండులోని ఉట్రెక్ట్ వచ్చి ఏడు నెలలైంది. చలికాలం రాగానే ఇక్కడివాళ్లు దాల్చినచెక్క, లవంగం, జాజికాయ వేసి స్పెకులాస్ అనే బిస్కెట్లు చేసుకుంటారు. నేనూ నేర్చుకుని, పాలకొల్లులో ఉన్న మా అమ్మమ్మకి ఉత్తరం రాశాను: ‘మసాలా కుకీస్‌లు బేక్ చేశాను. శనివారం సైకిళ్ల మీద బట్టల సంతకి వెళ్తాం. కొత్త నగరంలో రోజువారీ జీవితాన్ని ఆస్వాదిస్తున్నాను’ అని. మా మావయ్య చదివి వినిపిస్తూ ‘బేక్ చేయడమేమిటి, కాల్చాను అని రాయలేదూ’ అన్నాడట. అమ్మమ్మేమో ‘కాల్చడమేమిట్రా, మాడ్చిందా ఏమిటి? అయినా తీపి బిస్కెట్లో మసాలా ఏమిటి, ఉల్లిపాయ కూడా వేసిందా?’ అందట. ఇద్దరిలో ఎవరిది ఒప్పు? తయారీ విధానం కూడా జతపరిచాను.
— ఒక పాఠకురాలు, ఉట్రెక్ట్

సమాధానం: అమ్మా, మీరు ఇద్దరి మాటే అడిగారు. ఉత్తరం రాసిన మూడో మనిషిని తెలివిగా వదిలేశారు. ఆవిడ సంగతి చివర్లో చూస్తాను.

మీ మావయ్యగారికి సాక్ష్యం కావాలంటే బోలెడుంది. తెలుగు బైబిలు ఆదికాండంలో లోతు తన ఇంటికొచ్చిన దూతలకు ‘పొంగని రొట్టెలు కాల్చగా వారు తిన్నారు’. ఆ పుస్తకంలోనే బాబెలు గోపురం కట్టేవాళ్లు ఇటుకలు కాలుస్తారు. కుమ్మరి ఆవంలో కుండలు కాలుస్తాడు. నాలుగు పక్కలా వేడి తగిలి, లోపలి తడి పోయి గట్టిపడేది ఏదైనా తెలుగులో కాలినట్టే లెక్క. తుపాకీ, చుట్ట, టపాకాయ కూడా కాలుస్తాం గానీ వాటితో మనకిప్పుడు పని లేదు.

అలాగని అమ్మమ్మగారిని తోసిపుచ్చలేను. వంటింట్లో ఈ మాట నడిచే తీరు వేరు. అట్టు వేస్తున్న మనిషిని గమనించండి. ‘ఒకవైపు కాలింది, తిరగెయ్యి’ అంటుంది. పనంతా అయ్యాక ‘అట్లు కాల్చాను’ అనదు, ‘అట్లు వేశాను’ అంటుంది. కాలడం నిప్పు పని, వేయడం తన పని. వంకాయనీ అప్పడాన్నీ మొక్కజొన్న పొత్తునీ అయితే కాల్చాననే అంటుంది, ఎందుకంటే అక్కడ మంట నేరుగా తగులుతుంది, నల్ల మచ్చ పడుతుంది. ఈ లెక్కకి చపాతీ లొంగదు. వత్తేది ఒకరు, కాల్చేది ఇంకొకరు అని ఇళ్లలో రోజూ వింటున్నదే. అది మనకి వెనక వచ్చిన వంట కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను. పెట్టకూడదని ఎవరైనా రాస్తే వాదించను.

అమ్మమ్మగారిని ఒక్కటి అడగండి. మినపరొట్టె పూర్వం ఎలా చేసేవారని. మందపాటి గిన్నెలో పిండి పోసి, కుంపటి మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేసేవారు. కిందా సెగే, పైనా సెగే. మీరు ఓవెన్ మీట తిప్పి చేస్తున్నది సరిగ్గా అదే. ఆ పనికి ఆవిడ నోట వచ్చే మాట ఏదో అదే మీ బిస్కెట్టుకీ సరిపోతుంది.

ఇక మసాలా. అసలు నేను ఈ ఉత్తరాన్ని పైకి తీసింది దీనికోసమే.

అమ్మమ్మగారి అనుమానం నూటికి నూరు పాళ్లూ సబబు. ఇవాళ తెలుగులో మసాలా అంటే అల్లం వెల్లుల్లి, ఉల్లిపాయ, మాంసం కూర వాసన. ఆ మాట తీపి పక్కన పెడితే ముక్కు ఒప్పుకోదు. మరి ప్రత్యామ్నాయం? పత్రికలవాళ్లూ ప్రభుత్వంవాళ్లూ ‘సుగంధ ద్రవ్యాలు’ అంటారు. అది వింటే నాకు అగరొత్తులు గుర్తొస్తాయి. మిరియానికి సుగంధమేమిటండీ? దాని గొప్పంతా ఘాటులో ఉంది. శొంఠి సంగతి సరేసరి. వంటింటి సరుకుని సెంటు సీసాలో పోసినట్టుంటుంది ఆ మాట.

మనకి నిక్షేపంలాంటి మాట ఒకటుంది, సంబారం. ధనియాలు, మిరియాలు, లవంగాలు, యాలకులు, ఇలా వంటకి వాసనా ఘాటూ ఇచ్చే దినుసులన్నిటికీ కలిపి సంబారాలనేవారు. దీని పుట్టుక సంస్కృత ‘సంభారం’. ‘సమ్’ అంటే కలిపి, ‘భృ’ ధాతువుకి మోయడం, తేవడం అని అర్థం. అక్కడక్కడ ఉన్నవాటిని ఒకచోటికి తెచ్చి కూర్చుకుంటే సంభారం. వాసన ప్రసక్తే లేదు, రుచి ప్రసక్తీ లేదు.

మరి మొదట్లో సంభారాలు ఏమిటనుకున్నారు? వేదకాలంలో అగ్న్యాధానం చేసేవాడు, అంటే ఇంట్లో యజ్ఞాలకి వాడే శ్రౌతాగ్నిని నెలకొల్పుకునేవాడు, నిప్పు ఉంచే చోట ముందుగా సంభారాలు పరుస్తాడు. ఇసుక, చౌడుమన్ను, పుట్టమన్ను, ఎలుక తవ్విపోసిన మన్ను, పంది పెళ్లగించిన మన్ను, గులకరాళ్లు. జాబితా తైత్తిరీయ బ్రాహ్మణంలో ఉంది. ఒక్క లవంగమైనా లేదు! నిప్పు కింద పరిచిన మన్ను పేరు కాలక్రమాన నిప్పు మీది గిన్నెలోకి ఎక్కింది.

ఇంకో చిత్రం చూడండి. పెళ్లికో వ్రతానికో పురోహితుడు రాసిచ్చే పట్టీలో ఇప్పటికీ ‘పూజా సంభారాలు’ అని ఉంటుంది. అక్కడ భకారం నిక్షేపంగా నిలిచింది. వంటింటికొచ్చేసరికి అదే మాట ఒత్తు పోగొట్టుకుని సంబారమైంది. ఒత్తు ఉంటే దేవుడి గదిలో, లేకపోతే పోపులపెట్టెలో. ఒకే ఇంట్లో ఒకే మాట రెండు గదుల్లో రెండు వేషాలతో బతుకుతోంది. మలయాళంలో సంభారమంటే అల్లం, పచ్చిమిర్చి వేసిన మజ్జిగ. తమిళులూ మనమూ తినే సాంబారు కూడా ఈ కుదురుదేనని కొందరంటారు, నాకు నచ్చిన వాదమే. మరాఠా శంభాజీ పేరు మీద సాంబారు వచ్చిందని చెప్పే కథ మాత్రం భోజనాల దగ్గర కాలక్షేపానికి పనికొస్తుంది, నిఘంటువుకి పనికిరాదు. సంబరం వేరు, సంబారం వేరు. ఆ రెండిటినీ కలిపి ప్రాస కట్టేవాళ్లకో దణ్ణం.

మరి మసాలా? అరబ్బీలో ‘మస్లహత్’ అంటే మేలు, ప్రయోజనం. దాని బహువచనం ‘మసాలిహ్’ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చింది. ఒక పనికి కావలసిన సరంజామా అన్న అర్థం మొదట, దినుసులు తర్వాత. ఉత్తరాదిన తాపీమేస్త్రీ సున్నంలోనో సిమెంటులోనో ఇసుక కలిపిన అడుసుని ఇప్పటికీ మసాలా అనే అంటాడు. అక్కడ సంభారమూ ఇసుకే, ఇక్కడ మసాలా కూడా ఇసుకే. రెండు భాషలు, రెండు దారులు, ఒకే ఆలోచన. అందుకే మసాలాని పరాయిదని ఈసడించను. దాని మీద పడిన ఉల్లిపాయ వాసన మీదే నా ఫిర్యాదంతా.

మీ తయారీ విధానం చదివాను. దాల్చినచెక్క ఎక్కువ పాలు, తర్వాత లవంగం, జాజికాయ, శొంఠి, యాలకులు, తెల్ల మిరియాలు. ఒకచోట పండేవి కావివి. తలో దీవి నుంచీ తలో కొండ నుంచీ తెచ్చి ఒక పొట్లంలో కలిపారు. ‘సమ్’, ‘భృ’ అంటే ఇదే కదమ్మా! ఇక దాల్చినచెక్క అంటారా, ఫారసీలో ‘దార్’ అంటేనే చెక్క, ‘చీనీ’ అంటే చీనాది. చీనా చెక్కకి మళ్లీ మనమొక చెక్క తగిలించాం. పైగా పిల్లలు దాన్ని ఎవరో ‘దాల్చిన’ చెక్క అనుకుంటారు. లవంగపట్ట అనే మాటా ఉంది, కానీ దానికీ లవంగానికీ చుట్టరికం పేరులోనే.

ఇదంతా హాలండు నుంచి పాలకొల్లుకి రాసిన ఉత్తరంలో రావడం నాకెంత ముచ్చటగా ఉందో చెప్పలేను. 1602లో పెట్టుకున్న డచ్చి కంపెనీకి బందరులోనూ పాలకొల్లులోనూ కొట్లుండేవి. హాలండు అనడానికి నోరు తిరగక మనవాళ్లు ‘వలంద’ అన్నారు. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది. లవంగం, జాజికాయ పండే తూర్పు దీవుల్లో మన నేతబట్టకి గిరాకీ. అందుకని వలందవాళ్లు ఇక్కడ బట్ట కొని, అక్కడ సంబారాలకి మార్చి, ఓడలకెత్తి తమ దేశం పంపేవారు. జాజికాయ కోసం 1621లో బందా దీవుల్లో వాళ్లు చేసిన మారణకాండ తీపి తింటూ చెప్పుకునే కథ కాదు. మీరు శనివారం బట్టల సంతకి వెళ్లి, ఆదివారం జాజికాయ తురుముకుంటున్నారు. ఆ బేరం పాతదేనమ్మా.

స్పెకులాస్ అనే పేరుకి డచ్చివాళ్లే మూడు వ్యుత్పత్తులు చెబుతారు. సంబారానికి వాళ్ల మాట ‘స్పెసెరై’, అందులోంచి వచ్చిందని ఒకటి. చెక్క అచ్చులో బొమ్మ తిరగేసి చెక్కి ఉంటుంది కాబట్టి లాటిన్ ‘స్పెకులుమ్’, అంటే అద్దం, నుంచి వచ్చిందని రెండోది. సెయింట్ నికొలాస్ పండక్కి చేసుకునే తినుబండారం, ఆయన బిషప్పు, బిషప్పుని లాటిన్‌లో ‘స్పెకులాటోర్’ అని కూడా అంటారు గనక అందులోంచి అని మూడోది. నా మొగ్గు మొదటిదానికి. కానీ రెండోది అందంగా ఉంది. పిండి రాత్రంతా చల్లటి చోట ఉంచి, మర్నాడు అచ్చులో బియ్యప్పిండి చల్లి, ముద్దని వేళ్లతో అదిమి, బోర్లించి తట్టగానే గాలిమర బొమ్మ ఊడి పడుతుందని రాశారు చూడండి, ఆ వాక్యంలో ఒక్క ఇంగ్లీషు క్రియ కూడా లేదు. చల్లి, అదిమి, బోర్లించి, తట్టి. మరి అమ్మమ్మకి రాసేటప్పుడు ఈ నేర్పు ఎటు పోయింది?

కొత్త ఊరి కాపురం గురించి తెలుగులో మొదట రాసింది మీరు కాదు. శ్రీనాథుడు విజయనగరం వెళ్లి, ప్రౌఢదేవరాయల దర్శనం దొరక్క పడిగాపులు పడినప్పుడు చెప్పాడనే చాటువు ఉంది. ‘కుల్లాయుంచితి, కోక చుట్టితి’ అని మొదలవుతుంది. అక్కడి వేషం వేశాడు, వెల్లుల్లీ నువ్వులపిండీ తిన్నాడు, అంబలి తాగాడు. చివరికి ‘తల్లీ! కన్నడ రాజ్యలక్ష్మి! దయలేదా? నేను శ్రీనాథుఁడన్’ అని నిట్టూర్చాడు. కోక అప్పట్లో మగవాడి బట్ట కూడా, గమనించండి. నేను చెప్పేది క్రియల సంగతి. నెత్తిన పెట్టాడు, చుట్టాడు, తిన్నాడు, తాగాడు. ఆ నాలుగు పనుల్లో ఊరంతా కనిపిస్తుంది. ‘విజయనగరంలో రోజువారీ జీవితాన్ని అనుభూతి చెందుతున్నాను’ అని రాసి ఉంటే ఆరు వందల ఏళ్ల తర్వాత ఎవడు తలుచుకునేవాడు?

ఆస్వాదించడం తప్పు మాట కాదు. స్వాదువంటే రుచి, బిస్కెట్టుని నిక్షేపంగా ఆస్వాదించవచ్చు. కానీ ఈమధ్య టీవీవాళ్లు వానని ఆస్వాదించమంటున్నారు, సెలవుని ఆస్వాదించమంటున్నారు, ఒక ప్రకటనలో కారు ప్రయాణాన్ని కూడా ఆస్వాదించమన్నారు. అన్నిటినీ నాకి చూడమంటే ఎలా? ‘కొత్త నగరం’, ‘రోజువారీ జీవితం’ కూడా అచ్చం ఇంగ్లీషు చొక్కాలే. ఎంత పెద్ద పట్నం నుంచి వచ్చినవాణ్ణయినా మనం ‘మీదే ఊరు?’ అనే అడుగుతాం. ‘ఊరు అలవాటైంది, రోజులు హాయిగా గడుస్తున్నాయి’ అని ఉంటే అమ్మమ్మగారు మావయ్య చేత ఆ వాక్యం రెండోసారి చదివించుకునేది.

తీర్పు అడిగారు కాబట్టి చెబుతున్నాను, రాయి మీద గీతగా తీసుకోకండి. ‘కాల్చాను’ అంటే తప్పు లేదు. ‘బిస్కెట్లు చేశాను, చక్కగా కాలాయి’ అంటే ఇద్దరికీ గొడవ లేదు. ‘బేక్ చేశాను’ని నేను రాయను, మీరు అంటే పోలీసులని పిలవను. మసాలా బదులు ‘సంబారపు బిస్కెట్లు’ అనమని నా కోరిక. కానీ నిజం దాచకూడదు. ఈ మాటని మా ఇంట్లో పరీక్షించాను. ‘అంటే సాంబారులో ముంచుకోవాలా?’ అంది మా ఆవిడ. కనక మరీ పట్టుబట్టను. ‘లవంగం, జాజికాయ వేసిన బిస్కెట్లు’ అని విడమరిచి రాసినా చాలు.

ఇక ఆ మూడో మనిషి. కుకీ అనేది మీ ఊరి మాటే. కేకుకి డచ్చిలో ‘కూక్’, చిన్న కేకు ‘కూక్యె’. అది వలసవాళ్లతో అమెరికా వెళ్లి, కుకీ అయి, కంప్యూటర్లో కూడా దూరింది. ఆ మాట వాడుకోండి, అభ్యంతరం లేదు. కానీ కుకీస్ అన్నాక బహువచనం అయిపోయింది, దానికి మళ్లీ ‘లు’ ఎందుకు? కుకీలు అనండి, లేదా బిస్కెట్లు అనండి. ‘కుకీస్‌లు’ మాత్రం పాలకొల్లులోనూ చెల్లదు, ఉట్రెక్ట్‌లోనూ చెల్లదు.